తిరిగొచ్చే వాగు

వాగు ఒకసారి పారిన నీటిని మళ్లీ చూడదు. నాలుగడుగుల అద్దాల తొట్టిలో మాత్రం అదే నీరు మళ్లీ మళ్లీ రావాలి, వచ్చినట్టు తెలియకూడదు. ఇంట్లో కొండవాగును కట్టేవాళ్ల పనితనమంతా ఇక్కడే ఉంది.

చేప గర్రా అనుకుందాం. 1839లో సైక్స్ అనే ఆంగ్ల సైనికాధికారి దక్కన్ నీళ్లలో చూసి వర్ణించిన గర్రా ముల్యాకు కింది పెదవి వెనక బిళ్లలాంటి కండ ఉంటుంది. దాంతో రాయికి అతుక్కుని, రెక్కలు పక్కలకు పరిచి, ఉరవడిలో నిలబడి పాచి గీరుకు తింటుంది. మామూలు ఫిల్టరు నీటిని గిరగిరా తిప్పుతుంది. ఈ చేపకు కావలసింది ఒకే దిక్కుకు పారే నీరు.

అందుకే తొట్టికి ఒక కొసన మోటార్లు, రెండో కొసన స్పంజీలు పెడతారు. రెంటినీ కలిపే పీవీసీ పైపులు గులకరాళ్ల కింద దాగి ఉంటాయి. మోటారు అడుగు నుంచి లాగి పైన చిమ్ముతుంది. పైన వాగు పారుతుంది, కింద అదే నీరు చడీచప్పుడు లేకుండా వెనక్కొస్తుంది. స్పంజి మురికిని ఆపుతుంది, పిల్లచేపలు పైపులో పడకుండా కాస్తుంది. పైపులకు గమ్ కూడా పెట్టరు. అంతా నీటిలోపలే కదా, అతుకు కాస్త వదులైనా నష్టం లేదు, విప్పి కడగడం తేలిక. ఎంత చక్కటి ఆలోచన!

రాళ్ల దగ్గరా అంతే శ్రద్ధ. అరిగిన గుండ్రాళ్లే ఏరుతారు. వెనిగర్ చుక్క వేస్తే నురగొచ్చే సున్నపురాయిని పక్కన పెడతారు. పెద్దరాయిని ముందు అడుగున కుదురుగా ఆనించి, తర్వాతే గులకరాళ్లు పోస్తారు. దాని వెనక నీరు నెమ్మదించిన చోట చేప అలుపు తీర్చుకుంటుంది. చేప రాకముందే కొన్ని వారాలు వెలుతురు పెట్టి రాళ్లకు పాచి పట్టిస్తారు.

ఇస్మాయిల్‌ఖాన్‌పేట లాంటి నక్కవాగు దగ్గరి ఊళ్లలో కట్టేవాళ్లు ఆ వాగు నీళ్లూ రాళ్లూ తేకూడదు. ఆ వాగులో కలిసే పటాన్‌చెరు ఫ్యాక్టరీల కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. కుళాయి నీరైతే క్లోరిన్ విరిచాకే పోయాలి.

ఎండాకాలం సంగతి మరవకండి. 20 డిగ్రీల నీరు లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ పట్టుకుంటుంది, 30 డిగ్రీలకు అది ఏడున్నరకు పడిపోతుంది. ఆ వేడిలో కరెంటు పోతే వాగు ఆగుతుంది. బ్యాటరీ గాలిపంపు ఇంట్లో ఉంచుకున్నాకే చేపలు తెచ్చుకోండి.