నిర్మాణచ్ఛాయాపటములందుఁ గర్తృనిర్ణయము

మహాసౌధములు, సేతువులు, లోహశాలలు మున్నగువాని నిర్మాణమును ఛాయాపటములందు నిలిపినవారిని గూర్చి వ్రాయునపుడు విమర్శకులు వారి సాహసమునే మొదటఁ బేర్కొనుట యాచారమైనది. ఎంత యెత్తున నిలిచెను, ఎట్టి వేఁడిమి కోర్చెను, త్రాడు తెగినచో నేమయ్యెడిది యనునవియే ప్రశంసావాక్యములు. ఇది కావ్యమును విడిచి కవి మేల్కాంచిన రాత్రులను లెక్కించుట వంటిది. శ్రమ కృతియందు వ్యంగ్యముగఁ దోఁచిననే రసపోషకమగును గాని చరిత్రలో వినఁబడినమాత్రమునఁ గాదు. కావున నీ పటములను బరీక్షించుటకు వేఱొక ప్రమాణము వలయును. శాబ్దికుల కారకవిచార మట్టి ప్రమాణము కాఁగలదు.

పాణినీయమతమునఁ గ్రియయందు స్వతంత్రుఁడు కర్త. ఆ కర్తను బ్రేరేపించువాఁడును గర్తయే. వానికి హేతుసంజ్ఞయుఁ గలదు. తెలుఁగునఁ "గట్టెను", "కట్టించెను" అను రూపములకుఁ గల భేద మిదియే. అయినను లోకమున రాజు గుడి కట్టెననియే వాడుక. ప్రేరణార్థకప్రత్యయము లోపించును, దానితోఁ గూడఁ గట్టినవాఁడును లోపించును. ఛాయాపటమున నీ లోప మింకను సులభము. సౌధము నిలువునఁ గనఁబడును, ఉక్కుదూలములు కనఁబడును, కట్టించినవారి పేరు క్రింద ముద్రితమగును. రివెట్టు బిగించినవాఁ డే మూలనో చుక్కవలె నుండును, లేదా యసలే యుండఁడు.

ఈ లోపమును దీర్పఁబూనినవారిలో అమెరికాదేశీయుఁడైన లూయిస్ హైను (1874–1940) ముఖ్యుఁడు. ఈతఁడు మొదట నుపాధ్యాయుఁడు. 1908 నుండి జాతీయ బాలశ్రామిక సంఘము పక్షమున మిల్లులందును గనులందును బనిచేయు పిల్లలను జిత్రించెను. న్యూయార్కునందు ఎంపైర్ స్టేట్ సౌధము 1930 మార్చి 17వ తేదీన నారంభింపఁబడి 1931 మే 1వ తేదీన ద్వారోద్ఘాటన మందెను. అంతస్తులు 102, కప్పువఱకు నెత్తు 1250 అడుగులు. దాని నిర్మాణమును జిత్రించుటకు హైను నియుక్తుఁడయ్యెను. 56 ఏండ్ల ప్రాయమున నాతఁడు క్రేనునకుఁ గట్టిన బుట్టలో నెక్కి, వీధికి సుమారు 1000 అడుగుల పైని వ్రేలాడుచుఁ బటములఁ దీసెనను వృత్తాంతము సుప్రసిద్ధము.

ప్రసిద్ధమేగాని దాని యభిప్రాయ మరయఁబడలేదు. అంతస్తుపై నిలిచి చూచువానికి దూలపుటంచునఁ బనిచేయువాని వీఁపు మాత్రమే కనఁబడును. వాని ముఖమును, చేతులను, చేతియందలి పనిముట్టును గోరువాఁ డంచునకు వెలుపల నుండవలెను. అచట నేల లేదు. కావున హైను పొందిన యపాయము వీరత్వప్రకటనమునకై తెచ్చికొన్నది కాదు. పనివానిని గర్తగాఁ జూపఁదలఁచుటవలన ననివార్యముగ సంభవించినది. సాహస మిట్లు ప్రయోజనమునుండి పుట్టినచో విమర్శకుఁడు దానిని బేర్కొనవచ్చును. ఆ నిర్మాణమున మరణించినవారు నియతలెక్క ప్రకార మైదుగురు. వారిపనికిఁ బటకారుని యొకనాఁటి వ్రేలాట సమానముగాదని హైనే యెఱిఁగియుండును.

ఆతని 1930 నాఁటి పటములలో నొకదానికి "ఇకారసు" అని పేరు. ఒక యువకుఁ డినుపత్రాటిని బట్టుకొని, నగరమంతయుఁ గ్రిందఁ బొగమంచువలెఁ బఱచికొనియుండఁగా, శూన్యమునఁ దేలుచున్నట్లుండును. పటము నిర్దుష్టము, పేరు దుష్టము. గ్రీకుకథలోని ఇకారసు తండ్రిమాట పెడచెవిఁబెట్టి మైనపుఱెక్కలతో సూర్యుని సమీపించి సముద్రమునఁ బడినవాఁడు. ఈ యువకునియందు నవివేకము లేదు, పతనము లేదు. వాని పట్టు బిగువుగా నున్నది. సాధారణధర్మము నభోగమన మొక్కటియే కాఁగా, నుపమానము తెచ్చిన యమంగళవ్యంగ్యము ప్రకృతమునకు విరోధించుచున్నది. పండితులు దీనిని ననుచితోపమకు నుదాహరణముగఁ జూపవచ్చును.

1920లోఁ దీసిన మఱియొక పట మింకను బ్రసిద్ధము: ఆవిరియంత్రపుఁ జక్రముకడ వంగి మరలు బిగించుచున్న యువకుఁడు. వాని వీఁపువంపు చక్రపువంపుతో నొదిఁగియుండును. ఇది యమర్చి తీసినది గాన నసత్యమని కొంద ఱాక్షేపింతురు. ఆక్షేపము నిలువదు. భరతుఁడు లోకధర్మితోఁబాటు నాట్యధర్మి నంగీకరించెను. నిలువుమని కోరఁబడినను వాఁడు నిలిచినది తన పని నిలుపునందే.

మార్గరెట్ బర్క్ వైట్ (1904–1971) మార్గము వేఱు. క్లీవ్లాండు నగరమునందలి ఓటిస్ ఉక్కుశాలలో నామె 1927–28 సంవత్సరములఁ బనిచేసెను. నాఁటి ఫిల్ము ఎఱ్ఱని వెలుఁగును గ్రహింపఁజాలదు. కన్నులు మిఱుమిట్లు గొలుపు కరఁగిన లోహము పటమున నల్లఁబడిపోయెడిది. తెల్లని కాంతినిచ్చు మగ్నీషియపు దివిటీలను వెలిఁగించి యామె యా చిక్కు దీర్చికొనెను. ఆ శిల్పము మెచ్చఁదగినది. కాని యామె పటములందుఁ బ్రధానము కర్మయే. 1936 నవంబరు 23వ తేదీ "లైఫ్" పత్రిక తొలిసంచిక ముఖపత్రమున మోంటానాలోని ఫోర్ట్ పెక్ ఆనకట్టగాఁ బ్రకటితమైనది నిజమునకు దాని మిగులునీటి కలుఁజు. అందు దుర్గములవంటి స్తంభముల మొదట నిరువురు మనుష్యు లున్నారు, కొలబద్దలవలె. వారిని దీసివైచినచో స్తంభముల యెత్తు తెలియదు. అంతకుమించి వారికిఁ గ్రియాన్వయము లేదు. అయినను న్యాయము చెప్పవలెను: ఆ సంచిక లోపలిపుటలలో నామెయే యా పనివారి తాత్కాలికనగరముల బ్రదుకును జూపినది. ముఖపత్రమును మాత్రము చూచి తీర్పు చెప్పువా రామె కపకారము చేయుచున్నారు. 1938 సెప్టెంబరు 22వ తేదీన నా కట్ట కొంతభాగము జాఱి యెనమండుగురు మడిసిరి. వారిలో నార్గురి దేహములు దొరకలేదు.

1932 సెప్టెంబరు 20వ తేదీన న్యూయార్కునందలి రాక్ఫెల్లర్ సౌధసముదాయమున, 850 అడుగుల యెత్తున నొక్క దూలముపైఁ గూర్చుండి పదునొకండుగురు భుజించుచున్న పట మెఱుఁగనివా రరుదు. అది ప్రచారమునకై యమర్చఁబడినది. అందలివారు భోజనక్రియకుఁ గర్తలు, నిర్మాణక్రియకుఁ గారు. వారిలోఁ బెక్కుర పేళ్లు నిశ్చయముగఁ దెలియవు. చిత్రకారుఁ డెబెట్స్ అని కొంతకాలము చెప్పఁబడినను, నాఁ డచట మఱికొందఱు చిత్రకారులు నుండుటచే నదియు సందిగ్ధమైనది. ప్రయోజ్యుఁడు పోయెను, పటకర్తయుఁ బోయెను. ప్రయోజకుఁ డొక్కఁడే మిగిలెను.

ఈ దృష్టితోఁ జూచిన హైనుయందును లోపము గలదు. బాలశ్రామికులఁ జిత్రించునపుడు పేరు, వయస్సు, పని, స్థలము వ్రాసికొన్న యాతఁడు, సౌధనిర్మాతల పటములలోఁ బెక్కింటికిఁ బేళ్లు చేర్పలేదు. బాలుర విషయమునఁ బేరు సాక్ష్యమునకు వలసెను; పెద్దలయెడఁ బ్రశంసయే చాలుననుకొనెను గాఁబోలు.

ఆంధ్రదేశమున 1955లో శంకుస్థాపనమైన నాగార్జునసాగరము యంత్రములకంటె మనుష్యుల చేతులను, తలలను నమ్మి రాతితోఁ గట్టఁబడినది. దాని ప్రసిద్ధపటములందు సారువవాలుపై రాళ్లు మోయు స్త్రీపురుషుల బారులు చీమలబారులవలెఁ గనఁబడును, అంతయు బహువచనమే. ఆ పటములలోనివారి సంతతి పల్నాటను, నల్లగొండమండలమునను నేఁటికిని గలదు. ఆ ప్రాంతముల పాఠశాలాపండితులు పటములఁ జేతఁబట్టుకొని గ్రామములకుఁ బోయి యడిగినచో, వెనుక బారులలోఁ గాకున్నను ముందువరుసలోనివారి పేళ్లు కొన్నియైన దొరకును.