పాలు పొంగాయి

మా వీధి ట్యూషన్లో ఎనిమిదో తరగతి కుర్రాడు ‘మిల్క్స్ ఆర్ బాయిలింగ్’ అని రాశాడు. ఎర్ర కలంతో ఎస్ కొట్టేసి, ‘ఆర్’ తీసి ‘ఈజ్’ పెట్టాను. ‘పాలు పొంగింది అని ఎవరంటారు మాస్టారండీ?’ అన్నాడు. మా గోదారి వైపు ఎదురుప్రశ్నకీ చివర ‘అండీ’ ఉంటుంది, కోప్పడ్డానికి వీల్లేదు.

పాలు, నీళ్ళు, పెసలు, కందులు మనకి పుట్టుకతోనే బహువచనాలు. ధాన్యం అంటే ‘ఉంది’, వడ్లు అంటే ‘ఉన్నాయి’. బస్తాలో సరుకు ఒకటే. ఇంగ్లీషువాడు రెండు బ్లేడ్లున్నాయని కత్తెరని బహువచనం చేశాడు. మనకది ఒక కత్తెరే. దాంతోనే కాబోలు వాడి ప్యాంట్స్‌లో ఎస్ కత్తిరించేసి ప్యాంటు చేసుకున్నాం. కానీ లాకు దగ్గర మనమూ వాడి పనే చేశాం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కాలవల్లో పడవలు తిరిగిన రోజుల మాట అది. నీటిమట్టం మారేచోట ముందో తలుపు, వెనకో తలుపు, మధ్యలో పడవ. ఉన్నది ఒక్క లాకే అయినా ఇప్పటికీ ‘లాకుల దగ్గర దింపండి’ అంటారు. తలుపులు రెండు కాబట్టేనని నా ఊహ.

రైలు మాత్రం కాలు–కాళ్ళు వరసలో కలిసిపోయి రైళ్ళయింది. స్కూళ్ళు, సైకిళ్ళు, హోటళ్ళు అన్నీ ఆ వెనకే. మిల్లు ఎందుకో ఇల్లు దారిన పోలేదు. ‘మిళ్ళు’ అన్నవాణ్ణి ఇంతవరకు వినలేదు.

మర్నాడు బోర్డు మీద గీత గీసి కౌంటబుల్ ఇటు, అన్‌కౌంటబుల్ అటు రాశాను. ప్రాన్‌కి ఎస్ వస్తుంది, ఫిష్ ఒకటైనా పదైనా ఫిషే అన్నాను. మా కుర్రాడి నాన్న భీమవరం దగ్గర చెరువులు చేస్తారు. అక్కడ రొయ్యకి కౌంటే ప్రాణం. కిలోకి ముప్పై తూగితే ముప్పై కౌంటు, వంద తూగితే వంద కౌంటు. అంకె పెరిగేకొద్దీ రేటు పడిపోతుంది. ‘రొయ్యలకి కౌంటు చూస్తారండీ. చేపలైతే టన్నుల్లెక్కన లారీకెక్కించేస్తారు. అందుకే ఎస్ లేదాండీ?’ అన్నాడు.

అందుకు కాదు. షీప్, డీర్ పాత ఇంగ్లీషు నాటినుంచే బహువచనం గుర్తు లేకుండా నడిచొచ్చాయి. ఫిష్ తర్వాతెప్పుడో ఆ మందలో కలిసింది. అదే చెప్పాను. వాడి కారణమే బాగుందనిపించింది, అది మాత్రం చెప్పలేదు.

‘రేపు అందరూ నోట్సులు తీసుకురండర్రా’ అని పంపించేశాను. ఎస్ పడింది, దానిమీద లు కూడా పడింది. ఒక్కడూ నవ్వలేదు.