స్లాబు పడే రోజు

తెల్లారకముందే కాంక్రీటు కలిపే మిల్లర్ వచ్చి ఇంటి ముందు ఆగుతుంది. ఇంటావిడ దానికి పసుపు రాసి బొట్టు పెడుతుంది, మేస్త్రి కొబ్బరికాయ కొడతాడు. మొదటి తట్ట కాంక్రీటు మాలు ఇంటి యజమాని చేత్తో పడాలి. మధ్యాహ్నం కూలీలందరికీ కోడికూరతో భోజనం. ఇల్లు కట్టడంలో ముగ్గు పోసిన రోజు తర్వాత మనవాళ్ళు ఇంత వేడుకగా చేసుకునేది స్లాబు పడే రోజే. ఇటుక వంకరగా వస్తే పీకి మళ్ళీ పెట్టుకోవచ్చు, స్లాబుకు ఆ వీలు లేదు. అందుకే ఆ రోజంటే అంత భయమూ, అంత భక్తీ.

వెయ్యి చదరపు అడుగుల స్లాబు ఐదంగుళాల మందాన వేస్తే దాదాపు 12 ఘనమీటర్ల కాంక్రీటు పడుతుంది. దాని బరువు సుమారు 30 టన్నులు. గట్టిపడేదాకా ఆ బరువంతా మోసేది సెంట్రింగే. పైన ఇనుప రేకులు, కింద సరుగుడు కట్టెలో ఇనుప జాకీలో. కట్టె అడుగున మెత్తటి మట్టి ఉంటే చెక్క ముక్క వేసి నిలబెట్టాలి, లేకపోతే సగం మాలు పడేసరికి కట్టె దిగబడుతుంది. రేకుల సందులు మూయకపోతే సిమెంటు పాలు కిందికి కారిపోయి, అక్కడ కంకర మాత్రమే మిగిలి తేనెపట్టులా బొక్కలు పడతాయి. సెంట్రింగ్ విప్పాక ఆ బొక్కల మీద సిమెంటు పూసి కప్పేస్తుంటారు. పూతతో మచ్చ పోతుందేమో గానీ బలం రాదు.

కాంక్రీటు నొక్కుడును బాగా తట్టుకుంటుంది. లాగుడును తట్టుకునే శక్తి అందులో పదోవంతు మాత్రమే. ఆ లోటు తీర్చడానికే ఇనుము. గది మీద స్లాబు మధ్యలో కిందికి వంగబోతుంది, కాబట్టి లాగుడు అడుగుభాగంలో ఉంటుంది. అక్కడ కమ్మీ కిందనే ఉండాలి. బాల్కనీకి ఇది తలకిందులు. గోడలోంచి బయటికి చాచిన చెయ్యి లాంటిది బాల్కనీ. కొస కిందికి వాలబోతుంది కాబట్టి లాగుడు పైభాగాన పుడుతుంది, కమ్మీ పైనే ఉండాలి. కమ్మీలు కట్టేవాళ్ళకు ఇది తెలుసు, కమ్మీ వంచి చేసిన కుర్చీలు కింద పెట్టి సరిగ్గానే పైకి లేపుతారు. తీరా కాంక్రీటు పడేటప్పుడు తట్టలు మోసేవాళ్ళు ఆ కమ్మీల మీదే నడుస్తారు. కుర్చీ ఒరిగి కమ్మీల జాలీ రెండంగుళాలు కిందికి దిగితే పైనుంచి చూసేవాళ్ళకు ఏమీ కనబడదు. తర్వాత ఎప్పుడో ఆ బాల్కనీ ఊడిపడితే సిమెంటును తిడతారు. నడవడానికి నాలుగు పలకలు పరిస్తే చాలు, ఆ ప్రమాదం తప్పుతుంది.

ఇక నీళ్ళ సంగతి. నా దృష్టిలో ఈ పనికి ఆయువుపట్టు ఇదే. 50 కిలోల సిమెంటు బస్తాకు 25 లీటర్ల దగ్గర నీళ్ళు చాలు. ఇసుక తడిగా ఉంటే అదీ తగ్గించాలి. కానీ పలచటి మాలు సులువుగా జారుతుంది, పార తేలిగ్గా ఆడుతుంది. ఎండెక్కేకొద్దీ పైనుంచి కేక వినబడుతుంది: "మాలు గట్టిగుంది, ఇంకో బకెట్ నీళ్ళు కొట్టు!" ఆ బకెట్టే కొంప ముంచేది. సిమెంటు ఆరి గట్టిపడే సరుకు కాదు, నీటితో కలిసి రసాయన చర్య జరిగి గట్టిపడుతుంది. ఆ చర్యకు అక్కర్లేని నీరు తర్వాత ఆవిరైపోయి, తానున్న చోట సన్నటి రంధ్రాలు వదిలి వెళ్తుంది. బలం తగ్గేది అక్కడే, కమ్మీకి తుప్పు దారి దొరికేదీ అక్కడే. మిల్లర్ దగ్గర నీళ్ళు పోసే మనిషి చేతిలో ఇంటి ఆయుష్షు ఉంటుందనడం అతిశయోక్తి కాదు. మంచి మేస్త్రి రోజంతా అక్కడినుంచి కదలడు.

మాలు పడటం మొదలయ్యాక మధ్యలో ఆగకూడదు. ముందు పడింది బిగుసుకున్నాక దాని పక్కన కొత్తది పోస్తే రెండూ ఒకటి కావు, వానాకాలంలో ఆ అతుకులోంచే చెమ్మ దిగుతుంది. వైబ్రేటర్‌ను నిలువుగా దించి, గాలి బుడగలు ఆగగానే మెల్లగా పైకి తీయాలి. దాంతో మాలును పక్కకు తోస్తే కంకర ఒకచోట, పాలు ఒకచోట చేరతాయి.

మర్నాడు పని అయిపోయిందనుకుంటాం. నిజానికి సగమే అయింది. నారుమడి కట్టినట్టు స్లాబు మీద చిన్న గట్లు వేసి నీళ్ళు నిలపాలి. కలిపేటప్పుడు పిసినారిగా పోసిన నీళ్ళను ఇప్పుడు ధారాళంగా పోయాలి. భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం పొడి ఎండల్లో మామూలు సిమెంటుకు కనీసం 10 రోజులు, బూడిద కలిసిన సిమెంటుకు 14 రోజులు తడి ఆరకూడదు. సెంట్రింగ్ విప్పడానికీ పద్ధతుంది. గదుల్లో కట్టెలను మధ్య నుంచి గోడలవైపు, బాల్కనీకి కొస నుంచి గోడవైపు తీసుకుంటూ రావాలి.

ఈ పనంతా నడిచేది కూలీల చేతుల మీదే. పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి ఆనకట్టలూ కాలువలూ కట్టారు. ఆ జిల్లా పేరు చెబితే పని తెలిసిన చేతులు గుర్తొచ్చేంతగా కష్టపడ్డారు. ఇప్పుడు పట్నాల్లో రెడీమిక్స్ లారీ వచ్చి పంపుతో మాలు పైకి ఎక్కిస్తోంది. కొలతలు కచ్చితంగా ఉంటాయి, మంచిదే. అయితే కమ్మీ చోటు తప్పకుండా చూసేదీ, వైబ్రేటర్ పట్టేదీ, మడిలో నీళ్ళు నిలిపేదీ ఇప్పటికీ మనిషే. ఆ నేర్పును కూలిపని అని తీసిపారేయడం అన్యాయం.

మీరు ఇల్లు కట్టిస్తుంటే, స్లాబు పడే రోజు సెలవు పెట్టి మిల్లర్ దగ్గర నిలబడండి. తర్వాత రెండు వారాలు పొద్దునా సాయంత్రం మేడెక్కి, మడిలో నీళ్ళున్నాయో లేదో మీ కళ్ళతో మీరే చూసుకోండి.