పటం మనమే గీసుకోవాలి

పాత కంప్యూటర్ ఆటలు మళ్లీ ఆడుతున్నానంటే చిన్ననాటి మీద మమకారం అనుకుంటారు చాలామంది. ఉత్త మమకారమే అయితే ఒక్క సాయంత్రంతో తీరిపోయేది. ఆ ఆటలు ఒక విద్య నేర్పుతాయి. తెలియని చోట అడుగుపెట్టి, చుట్టూ పరికించి, ఆ చోటును కాగితం మీదికి ఎక్కించే విద్య. నేను తిరిగి తిరిగి వెళ్లేది దానికోసమే.

కార్నెల్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న ఆండ్రూ గ్రీన్‌బర్గ్, రాబర్ట్ వుడ్‌హెడ్ తయారుచేసిన ‘విజర్డ్రీ’ 1981లో ఆపిల్ 2 కంప్యూటర్ మీద వచ్చింది. యోధులూ మాంత్రికులూ పూజారులూ దొంగలూ ఉన్న ఆరుగురి జట్టును కట్టుకుని నేలమాళిగలోకి దిగాలి. మొత్తం పది అంతస్తులు. ఒక్కో అంతస్తు నిలువుకు 20 గళ్లు, అడ్డానికి 20 గళ్లు. తెర మీద మాత్రం ఎదురుగా ఉన్న కాస్త మేరే, అదీ ఉత్త గీతలతో, కనిపిస్తుంది. ఎక్కడున్నామో ఆట తనంతట తాను చెప్పదు. గ్రాఫ్ కాగితం, పెన్సిలు పక్కన పెట్టుకుని అడుగడుక్కీ గడి నింపుకోవాల్సిందే.

ఆ గీయడాన్నీ ఆట తేలిగ్గా సాగనివ్వదు. కొన్ని గళ్లలో కాలు పెడితే చప్పుడు లేకుండా మన ముఖం వేరే దిక్కుకు తిరిగిపోతుంది. కొన్ని గళ్లు మనల్ని ఇంకెక్కడో దింపుతాయి. కొన్నిచోట్ల చిమ్మచీకటి. తూర్పు అంచు దాటితే పడమటి అంచున తేలతాం. కాగితం మీద తలుపున్న చోట తెర మీద గోడ కనిపించిందంటే ఏదో జరిగిందన్నమాట. అప్పుడు ఆగి, వెనక్కి లెక్కవేసి, ఏ గడిలో దిక్కు మారిందో పట్టుకోవాలి. ఆటలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. ఇక్కడ కత్తితో పని లేదు, చూపూ జ్ఞాపకమూ ఉంటే చాలు.

చావుకు కూడా ఇందులో బరువుంది. పోయినవాణ్ణి గుడిలో బతికించే ప్రయత్నం విఫలమైతే బూడిద మిగులుతుంది. బూడిద నుంచీ లేపలేకపోతే వాడు ఇక లేనట్టే. అందుకే ఇంకో తలుపు తెరవడమా, ఉన్నవాళ్లతో పైకి వెళ్లిపోవడమా అన్నది ప్రతిసారీ నిజమైన ప్రశ్న. వెనుదిరగడం కూడా తెలివే అని ఇంత సూటిగా చెప్పిన ఆటలు తక్కువ.

నేనుండే ముదగల్ ఊళ్లోని కోట ఈ విద్యకు రాతి రూపం. కృష్ణా తుంగభద్రల నడిమి నేల కోసం విజయనగరమూ బహమనీలూ, తర్వాత బిజాపూరు సుల్తానులూ తరాల తరబడి కొట్లాడుకున్నారు. ఆ పోరులో చేతులు మారుతూ వచ్చిన కోట ఇది. 1565లో విజయనగరం ఓడాక రాయచూరుతో పాటు బిజాపూరు పరమైంది. చుట్టూ నీటి కందకం, లోపల ఒకదాని వెనక ఒకటిగా గోడలు, బురుజులు. ద్వారం దాటితే తిన్నగా లోపలికి పోయే దారి దొరకదు. గోడ అడ్డొస్తుంది, పక్కకు మళ్లాలి, ఇంకో ద్వారం ఎదురవుతుంది. దూసుకొచ్చే శత్రువు వేగం అక్కడ చచ్చిపోతుంది, పైనున్న కాపలావాళ్లకు వాడు చిక్కుతాడు. కోట కట్టిన మేస్త్రీ, చిక్కుదారి అల్లిన ప్రోగ్రామరూ కొత్తవాడి మనసును ముందే చదివారు. ఇద్దరికీ జవాబు ఒక్కటే: ఆ చోటు లోపలివాళ్లకు తెలిసినంతగా మనకూ తెలియాలి.

తెలుగువాళ్లకు ఈ రుచి కొత్తది కాదు. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’ ధారావాహికల కోసం నెలనెలా ఎదురుచూసిన తరానికి సొరంగంలోకి దిగడమంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

మళ్లీ ఆటల సంగతికి వస్తే, 1987లో వచ్చిన ‘డంజన్ మాస్టర్’లో కాగడాలు ఆరిపోతాయి, ఆకలిదప్పులు వేస్తాయి. దారి గుర్తు కోసం ఏదో ఒక వస్తువు నేలమీద వదిలిపోవచ్చు. ఆ తర్వాతి దశాబ్దంలో పటం ఆటే గీసిపెట్టడం మామూలైంది. సుఖమే, కాదనను. కానీ తెర మూలన పటం ఉంటే కళ్లు దాన్నే అంటిపెట్టుకుంటాయి. ఎదురుగా ఉన్న గోడను చూడవు. ఆట ముగిసినా ఆ చోటు మనకు తెలియదు. చేత్తో గీసిన అంతస్తు మాత్రం ఏళ్ల తర్వాత కూడా కళ్లు మూసుకుని నడవగలిగేంతగా గుర్తుంటుంది.

ఈ విద్య ఇంకా చచ్చిపోలేదు. 2007లో జపాన్ ఆట ‘ఎట్రియన్ ఒడిస్సీ’ పటం గీసే పనిని ఆటగాడి చేతికే తిరిగి ఇచ్చింది. 2012లో ఫిన్లాండ్ నుంచి వచ్చిన ‘లెజెండ్ ఆఫ్ గ్రిమ్‌రాక్’లో పటం కనిపించకుండా ఆడే పద్ధతి ఉంది. తొలి ‘విజర్డ్రీ’ కూడా 2024లో కొత్త రూపంలో విడుదలైంది. వీటిలో ఏదో ఒకటి తీసుకోండి. ఒక గ్రాఫ్ పుస్తకం కొనండి. పక్కన పిల్లలుంటే పెన్సిలు వాళ్లకివ్వండి, దారి మీరు చెప్పండి. మొదటి అంతస్తు పూర్తయ్యేదాకా ఇంటర్నెట్‌లో ఎవరో గీసిపెట్టిన పటం మాత్రం చూడకండి.