మాట తగ్గించి గీసిన ప్రేమ

ఇంగ్లండులో ఒక మగపిల్లల బడి. ఒకే గదిలో పక్కపక్కన కూర్చోబెట్టిన ఇద్దరు కుర్రాళ్లు. నిక్ రగ్బీ ఆటగాడు, చార్లీ డ్రమ్స్ వాయించే బక్కపలచని పిల్లవాడు. వాళ్ల పరిచయం ఒక్క 'హాయ్'తో మొదలవుతుంది. మర్నాడూ అదే పలకరింపు, ఆ తర్వాతా అదే. మాట మారదు, మొహాలు మారతాయి. ఆ మార్పు పట్టుకున్న పాఠకుడికి కథ పట్టుబడినట్టే.

ఆలిస్ ఓస్మన్ బొమ్మల నవల 'హార్ట్‌స్టాపర్' పనితనమంతా ఇక్కడే ఉంది. నిక్, చార్లీ అంతకుముందే ఓస్మన్ తొలి నవల 'సాలిటైర్' (2014)లో పక్క పాత్రలు. 2016లో వాళ్ల కథ ఇంటర్నెట్‌లో కొద్దికొద్ది పేజీలుగా మొదలైంది. 2018లో పాఠకులే తలా కొంత డబ్బు వేసుకుని అచ్చు వేయించుకున్నారు. మరుసటి ఏడాది హాషెట్ సంస్థ ప్రచురించింది.

పుస్తకమంటే పారిపోయే పిల్లల కోసం మాటలు తేలిక చేయడం అందరూ చేసేదే. ఓస్మన్ మాటలే తీసేశారు. ఒక్క అక్షరమైనా లేని పేజీలున్నాయి. మొదటి సంపుటం చివర్లో పుట్టినరోజు పార్టీ ఘట్టం చూడండి. గోల వినిపించని గదిలో ఇద్దరూ కూర్చుంటారు. చార్లీ ఒక ప్రశ్న అడుగుతాడు. జవాబు చెప్పేవి వేళ్లు. మామూలు నవలలో ఒక్క పేరాలో అయిపోయే క్షణాన్ని గడి తర్వాత గడిగా సాగదీశారు. చదివే కన్ను పరుగెత్తుతుంది, తిప్పే చెయ్యి మాత్రం ఆగుతుంది. నేనూ ఆ పేజీ దగ్గర ఆగిపోయాను.

మనసులో ఉన్నది చెప్పడానికి జంకే కుర్రాడి కథ, చదవడానికి జంకే కుర్రాడి చేతికి సరిగ్గా సరిపోవడం కాకతాళీయం కాదని నా నమ్మకం. తనకు అబ్బాయిలంటే ఇష్టమా అని నిక్ ఎవరినీ అడగలేక ఇంటర్నెట్‌ను అడుగుతాడు. స్నేహితుల కబుర్లు ఫోన్ మెసేజ్‌లుగా పేజీలోకి వస్తాయి. అవి ఆ వయసు పిల్లలు రోజంతా చదివేవే. పైగా ఓస్మన్ గీత సాదాసీదాది. చుక్కల్లాంటి కళ్లు, రెండు గీతల సిగ్గు, గడుల మీదుగా తేలిపోయే ఆకులు. బాపు బొమ్మలు చూస్తూ పెరిగినవాళ్లకు తక్కువ గీత ఎంత పలుకుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

నాలుగో సంపుటానికి వచ్చేసరికి చార్లీ తిండి మానేస్తాడు, జబ్బు ముదిరి ఆసుపత్రిలో చేరతాడు. అక్కడ డైరీ రాతలు వస్తాయి, మాటలు చిక్కబడతాయి. అప్పటికి పాఠకుడు మూడు సంపుటాలు దాటి వచ్చాడు. ఆ పేరాలకు బెదరడు.

బ్రిటన్‌లో స్థానిక సంస్థలు స్వలింగ ప్రేమను 'ప్రోత్సహించ'కూడదని 1988లో చట్టం వచ్చింది. దాని నీడలో బళ్లలో టీచర్లు ఆ ఊసెత్తడానికే భయపడ్డారు. ఇంగ్లండులో అది రద్దయింది 2003లో. అప్పటికి ఓస్మన్‌కు తొమ్మిదేళ్లు. ఆ తరం పిల్లలకు బడిలో దొరకని కథను ఈ పుస్తకం బడిలోనే నడిపించింది. ఇద్దరబ్బాయిల ప్రేమను శిక్షతోనో చావుతోనో ముగించలేదు. చార్లీని ఏడిపించినవాళ్లున్నారు, ఆ గాయమూ ఉంది. అయినా ఇంట్లో అక్క ఉంది, బయట స్నేహితులున్నారు, వానలో తడుస్తూ తలుపు దగ్గరికి వచ్చిన నిక్ ఉన్నాడు.

మీ ఇంట్లో పుస్తకం ముట్టని పదిహేనేళ్ల పిల్లలుంటే మొదటి సంపుటం తెచ్చి కంటికి ఆనేచోట పెట్టండి. చదవమని మాత్రం అనకండి.