మబ్బుల్ని పట్టే విద్య

2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. తెనాలి, రేపల్లె వాళ్లకూ తుపాను కబురంటే ప్రాణాలతో పని. అందుకే ఉపగ్రహ చిత్రాన్ని మన మేడ మీదే అందుకునే విద్యంటే నాకు ఎంతో గౌరవం.

టీవీ ట్యూనర్‌ నుంచి పుట్టిన ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ అనే రేడియో డాంగిల్, ల్యాప్‌టాప్, దాదాపు 53 సెంటీమీటర్ల అల్యూమినియం కడ్డీలు రెండు చాలు. కడ్డీల్ని 120 డిగ్రీల కోణంలో పరిస్తే యాంటెన్నా సిద్ధం. రష్యా వాతావరణ ఉపగ్రహం మెటియోర్ తలమీదికి రాగానే 137.9 మెగాహెర్ట్జ్ దగ్గర సంకేతం లేస్తుంది. పావుగంటలో ఉపగ్రహం దాటిపోతుంది. అందిన సంకేతాన్ని సాట్‌డంప్ సాఫ్ట్‌వేర్ గీత వెంట గీత పేర్చి బంగాళాఖాతం మీది మబ్బుల్ని తెరమీద నిలబెడుతుంది.

ఇది వాతావరణ శాఖ హెచ్చరికకు బదులు కాదు. ఆ హెచ్చరిక వెనకున్న శాస్త్రాన్ని చేత్తో తాకి తెలుసుకునే దారి. మన తీరంలో ప్రతి బడీ పిల్లలకు నేర్పాల్సిన విద్య.