రెక్క అంచున రేకు ముక్క

హార్డ్‌వేర్ దుకాణంలో ఎల్ యాంగిల్ అని అడిగితే ఇచ్చే అల్యూమినియం పట్టీని చాలా పొట్టిగా, పల్చగా ఊహించుకోండి. దాని ఒక కాలు రెక్క మీద బోర్లా పడుకుంటుంది, రెండో కాలు నిటారుగా నిలబడుతుంది. రేసుకారు వెనక రెక్క చివరి అంచున, ఈ కొస నుంచి ఆ కొస దాకా దాన్ని బిగిస్తారు. నిలబడ్డ కాలి ఎత్తు మామూలుగా రెక్క వెడల్పులో నూటికి ఒకటి రెండు పాళ్లు. అంటే ముందు అంచు నుంచి వెనక అంచుకు 300 మిల్లీమీటర్లున్న రెక్క మీద 3 నుంచి 6 మిల్లీమీటర్లు. దీని పేరు గర్నీ ఫ్లాప్. ఇంత చవగ్గా ఇంత పని చేసే భాగం రేసుకారు మొత్తంలో ఇంకోటి ఉందంటే నాకు నమ్మబుద్ధి కాదు.

అది చేసే పని తెలియాలంటే ముందు రెక్క సంగతి చూడాలి. రేసుకారు రెక్క అంటే తిరగేసిన విమానం రెక్క. అది పైకి లేపుతుంది, ఇది కిందికి నొక్కుతుంది. ఈ నొక్కుడే డౌన్‌ఫోర్స్. బండి బరువు పెరగకుండానే టైర్లకు పట్టు పెరుగుతుంది కాబట్టి మలుపులు వేగంగా తిరగొచ్చు. రెక్క పైముఖం మీద గాలి నిదానించి ఒత్తిడి పెరుగుతుంది. కింది ముఖం వంపు మీద గాలి వేగం పుంజుకుని ఒత్తిడి పడిపోతుంది. ఎక్కువ చాకిరీ ఈ కింది ముఖానిదే. చిక్కూ అక్కడే. వంపు దాటి వెనక అంచు వైపు వస్తున్నకొద్దీ గాలి మళ్లీ నెమ్మదించాలి, ఒత్తిడి మళ్లీ పెరగాలి. ఆ ఎదురు ఒత్తిడికి తట్టుకోలేక, రెక్కను అంటిపెట్టుకుని నడిచే పల్చటి గాలి పొర విడిపోతుంది. రెక్కను ఇంకాస్త ఏటవాలుగా ఎత్తి ఇంకాస్త డౌన్‌ఫోర్స్ రాబట్టాలని చూసిన ప్రతివాళ్లకూ ఈ పొరే అడ్డం.

అందుకే వెనక అంచును వీలైనంత పల్చగా, పదునుగా తీరుస్తారు. పైగాలి, కిందిగాలి గొడవ లేకుండా కలిసిపోవాలి. అంత శ్రద్ధగా నునుపు చేసిన చోట, గాలి దారికి అడ్డంగా, గుమ్మానికి గడపలాగా ఒక రేకు నిలబెడతానంటే చదువుకున్న ఇంజనీరు ఎవరైనా నొసలు చిట్లిస్తాడు.

కానీ గడపకు ఇటూ అటూ ఏం జరుగుతోందో చూడండి. పైముఖం మీదుగా వచ్చిన గాలి రేకుకు తగిలి ఆగినంత పని చేస్తుంది. మూలలో కొంత గాలి చిక్కుకుని అక్కడే సుడి తిరుగుతుంది, మిగతాది దాని మీదుగా పైకి మళ్లుతుంది. పైముఖం మీద ఒత్తిడి ఇంకొంచెం పెరుగుతుంది. రేకు వెనక మాత్రం ఒత్తిడి తగ్గిన చోటు ఒకటి ఏర్పడుతుంది. అసలు విద్య అంతా అక్కడుంది. కింది ముఖం మీదుగా నీరసపడి వస్తున్న గాలిని ఆ చోటు తనవైపు లాక్కుంటుంది. చివర్లో ఆ గాలి ఎదుర్కోవలసిన ఒత్తిడి తగ్గుతుంది, విడిపోబోయే పొర ఇంకొంత దూరం అంటుకునే వస్తుంది, వంపు మీద వేగం పెరుగుతుంది, రెక్కను వదిలే గాలి మరింత నిలువుగా పైకి లేస్తుంది. గాలి ఎంత పైకి మళ్లితే బండి అంత కిందికి అదుముకుంటుంది. మార్చింది చివరి అంచు ఒక్కటే, మారింది రెక్క చుట్టూ ఉన్న గాలి మొత్తం.

దీన్ని లెక్కలు కట్టి కనిపెట్టలేదు. 1971లో అమెరికాలోని ఫీనిక్స్ ట్రాక్ మీద రేసు డ్రైవర్ బాబీ అన్సర్ కొత్త కారును పరీక్షిస్తున్నాడు. కారు కట్టింది డాన్ గర్నీ. ఈయన సామాన్యుడు కాడు. 1967 జూన్‌లో లె మాన్ రేసు గెలిచి, వేదిక మీద షాంపేన్ చిమ్మే ఆచారానికి తెర తీసి, వారం తిరిగేసరికి తన సంస్థ కట్టిన ఈగిల్ కారులో బెల్జియన్ గ్రాండ్ ప్రీ గెలిచినవాడు. ఫీనిక్స్‌లో మాత్రం ఏం మార్చినా వేగం రావడం లేదు. అప్పుడు గర్నీకి పాత కార్ల వెనక డెక్కు మీద నిలబెట్టే స్పాయిలర్ రేకులు గుర్తొచ్చాయి. అలాంటిదే రెక్క అంచున పెడితే? గంటలోపే రేకు వంచి బిగించేశారు. అన్సర్ ట్రాక్ చుట్టి వచ్చాడు. గడియారం ప్రకారం లాభం సున్నా.

వేరేవాళ్లయితే అక్కడికక్కడే రేకు పీకేసేవాళ్లు. అన్సర్ గుట్టుగా గర్నీకి అసలు సంగతి చెప్పాడు. వెనక చక్రాలకు ఎంత పట్టు వచ్చిందంటే, ముందు చక్రాలు దానికి సరితూగలేక మలుపుల్లో జారిపోతున్నాయి. వేగం పెరగనిది రేకు పని చెయ్యక కాదు, మరీ బాగా పని చేసి! ఇక చెయ్యవలసిందల్లా ముందు వైపు కూడా డౌన్‌ఫోర్స్ పెంచి తూకం సరిచెయ్యడం. రేకు వంచడం ఎవరికైనా చేతనవుతుంది. కదలని గడియారం వెనక కారు ఏం చెబుతోందో సీటులో కూర్చుని చదవగలగడం, నా దృష్టిలో, దానికన్నా పెద్ద పనితనం.

ఇదేమిటని అడిగినవాళ్లకు, పదునైన అంచుకు మెకానిక్‌ల చేతులు తెగకుండా పెట్టామని చెప్పేవారట. కొందరు పోటీదారులు చూసి కాపీ కొట్టారు గానీ, రేకును కిందివైపుకు నిలబెట్టుకున్నారు. అదే సూత్రం తిరగబడి వాళ్ల బండిని తేలిక చేసింది.

1971 ఇండియానాపొలిస్ 500 రేసులో పోల్ (అందరికన్నా ముందు బయలుదేరే స్థానం) తెచ్చిన వేగం గంటకు 178.696 మైళ్లు. మరుసటి ఏడు అన్సర్ ఈగిల్‌లో 195.940 మైళ్లతో పోల్ కొట్టాడు. ఆ ఏడు రెక్కల నిబంధనలు కూడా సడలాయి కాబట్టి ఈ పెంపంతా రేకు ఖాతాలో రాయడం అన్యాయం. పైగా అసలు రేసులో ఆ కారు తొందరగానే ఆగిపోయింది.

శాస్త్రం తరవాత వచ్చింది. డగ్లస్ విమాన సంస్థ ఇంజనీరు రాబర్ట్ లీబెక్ దీన్ని విండ్ టన్నెల్‌లో పెట్టి, రెక్క వెడల్పులో 1.25 శాతం ఎత్తున్న రేకుతో లిఫ్ట్ (రెక్కను పైకి లేపే బలం) పెరగడమే కాక డ్రాగ్ (గాలి వెనక్కి లాగే బలం) కొద్దిగా తగ్గడం కూడా గమనించాడు. రేకు వెనక ఎదురెదురు దిశల్లో తిరిగే రెండు సుడులు ఉండి ఉంటాయని ఊహించాడు. ఆ తరవాత సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో లేజర్‌తో గాలి వేగాన్ని కొలిచినప్పుడు తేలిందేమిటంటే, సగటు తీస్తే కనిపించేవి ఆ రెండు సుడులే. ఏ క్షణానికి ఆ క్షణం చూస్తే మాత్రం అవి పక్కపక్కన కుదురుగా లేవు. రేకు పైఅంచు నుంచి ఒకటి, కిందినుంచి ఒకటి, వంతులవారీగా పుట్టి వెనక్కి కొట్టుకుపోతున్నాయి.

ఎత్తు మితిమీరితే ఈ బేరం గిట్టదు. డౌన్‌ఫోర్స్ పెరిగే జోరు తగ్గుతుంది, డ్రాగ్ పెరిగే జోరు హెచ్చుతుంది. కాబట్టి మలుపులెక్కువున్న ట్రాక్‌కు ఒక ఎత్తు, పొడుగాటి తిన్నని దారులున్న ట్రాక్‌కు ఒక ఎత్తు. రెక్క జోలికి పోకుండా రేకు మార్చుకుంటే చాలు.

పేటెంట్ మాత్రం దక్కలేదు. గర్నీ పుట్టిన 1931లోనే జపార్కా అనే ఆయన విమానం రెక్కకు దాదాపు ఇలాంటి, కదిలే చిన్న ఫ్లాప్‌ను పేటెంట్ చేసుకుని ఉన్నాడు. అయినా విమానాలవాళ్లు రేసుకారు నుంచే మళ్లీ దీన్ని తీసుకున్నారు. సికోర్‌స్కీ ఎస్-76బి హెలికాప్టర్‌కు ఎక్కువ బలమున్న ఇంజన్లు పెట్టినప్పుడు, పూర్తి శక్తితో పైకెక్కేటప్పుడు తోక దగ్గరి అడ్డరెక్క బలం చాలలేదు. కొత్త అడ్డరెక్క గీసే పని పెట్టుకోకుండా, ఉన్నదాని వెనక అంచున గర్నీ రేకు బిగించారు. ఆ అడ్డరెక్క కూడా, రేసుకారులో లాగే, తిరగేసి పెట్టిన రెక్కే.